ఎనభై రెండు డిగ్రీలు

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు మెకానిక్, తన షెడ్డులోకి దూసుకొచ్చి ఆగిన లారీకేసి చూస్తూ.

"దొరికారు. అందరూ మర్యాదగా మాట్లాడారు. పని రాదేమోనని అనుమానమొచ్చింది," అంటూ ఆమె డ్రైవర్ సీట్లోంచి కిందికి దూకింది. చేతిలో చిన్న అట్టపెట్టె.

అతను పెట్టె తెరిచాడు. కొత్త థర్మోస్టాట్. అరచేతిలో పట్టేంత ఇత్తడి ముక్క. ఇంజన్‌లో నీళ్ళు ఫలానా వేడికి చేరగానే తలుపు తీసి, చల్లబడి రమ్మని వాటిని రేడియేటర్‌లోకి పంపడం దాని ఉద్యోగం. బండిలో ఉన్న పాతది తొంభై ఒక్క డిగ్రీలు దాటితే గానీ తలుపు తీయదు. ఇది ఎనభై రెండుకే తీస్తుంది.

అది సరుకులు మోసే లారీ కాదు. కొండ ఎక్కే పందేల కోసం ఇంజన్‌కి లేనిపోని బలమంతా ఎక్కించిన బండి. బలం ఎక్కువ, ఓర్పు తక్కువ. పోయిన రెండు పందేల్లోనూ ఆఖరి మలుపు దగ్గర ఒళ్ళు కాగిపోతే, బండిలోని కంప్యూటర్ కంగారుపడి శక్తి కోసేసింది. అక్కణ్ణించి పెళ్ళినడకే. ఈ ఆదివారం మూడో పందెం. ఇదీ పోతే లీగ్‌లోంచి ఆమె పేరు కొట్టేస్తారు.

"ఆరు నిమిషాల కొండ. తొమ్మిది డిగ్రీలు కిందనుంచి మొదలుపెడితే, ఆ మలుపు దాటేదాకా కంప్యూటర్ నోరు మూసుకుంటుందిగా?" అంది.

"అది మూసుకుంటుంది. నీ సంగతే చెప్పలేను."

అతను తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. ఇస్త్రీ ఇంకా నలగలేదు.

"చొక్కా మార్చుకోవచ్చుగా? గ్రీజు మరక ఛస్తే పోదు."

"ఉతుక్కునేది నేను. నీకేం బాధ?"

"చొక్కా మీద జాలి."

అతను స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు పెట్టి, థర్మోస్టాట్‌కి దారం కట్టి అందులోకి వేలాడదీశాడు. పక్కనే థర్మామీటర్ ముంచాడు.

"కొత్తదానికి కూడా పరీక్షలా?"

"కొత్తదనే నమ్మకూడదు. ఒకసారి బిగించాక లోపలేం చేస్తోందో కనపడదు."

"పెళ్ళికి ముందు మా నాన్న మిమ్మల్ని కూడా ఇలా ఉడకేసి చూడాల్సింది."

"చూసుంటే ఎంత వేడికి తెరుచుకుంటానో తెలిసేది."

"తెరుచుకుంటేగా!"

ఎనభై రెండు దగ్గర థర్మోస్టాట్ బుద్ధిగా నోరు తెరిచింది. ఇద్దరూ గిన్నెమీదికి వంగి, పసిపిల్ల ఆవులింత చూసినట్టు చూశారు.

అతను ఇంజన్ నీళ్ళు దించి, మూత బోల్టులు విప్పాడు. ఆమె టార్చి పట్టుకుంది.

"లైటు ఇంజన్ మీద వెయ్యి. నా బట్టతల మీద కాదు."

"రెండూ ఒక్కలాగే మెరుస్తుంటే పొరబడ్డాను."

అతని కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. రెండు చేతులూ మసి. ఆమె టార్చి కదపకుండా, రెండో చేతి మణికట్టుతో కళ్ళజోడును పైకి నెట్టింది. అతను తల ఎత్తలేదు. పని ఆగలేదు.

కొత్తది లోపల కూర్చోబెట్టి మూత పెట్టబోయాడు.

"పిన్ను కిందికి పెట్టారు," అంది.

అతను చూశాడు. నిజమే. ఇరుక్కున్న గాలి బయటికి పోయేది ఆ పిన్ను దగ్గరే. అది పైకి ఉండాలి. గాలి లోపలే ఉండిపోతే, ఆదివారం బండి సగం కొండకే ఆవిర్లు కక్కేది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ చేయని తప్పు. ఆవేళ చేతులు ఒకచోట, మనసు ఒకచోట ఉన్నాయి.

"చూస్తావో లేదోనని పరీక్ష పెట్టాను," అన్నాడు, దాన్ని తిప్పి పెడుతూ.

"ఆహా! ఎన్ని మార్కులొచ్చాయేం?"

"తొంభై. చెప్పడం ఆలస్యం చేశావు."

మూత బిగించి, నీళ్ళు పోసి, గాలి బుడగలు వదిలించాడు. తర్వాత లాప్‌టాప్ తెచ్చి బండికి తగిలించాడు.

"మళ్ళీ ఇదెందుకు?"

"సంగతి బండి కంప్యూటర్‌కి చెప్పొద్దూ? లేకపోతే ఎనభై రెండు చూసి, ఇంజన్ చలికి వణుకుతోందనుకుని డీజిల్ దోసిళ్ళతో పోస్తుంది."

"అబ్బో! దానికైనా విషయం విడమరిచి చెప్తారన్నమాట."

అతను కీబోర్డు మీద కాస్త గట్టిగానే కొట్టాడు.

బండి స్టార్ట్ చేశారు. ముల్లు మెల్లగా లేచి, ఎనభై రెండు దగ్గర ఆగి, కదలనంటే కదలనంది. షెడ్డు వెనక రోడ్డు మీద రెండుసార్లు గట్టిగా తోలుకొచ్చినా వేడి హద్దు దాటలేదు. ఆమె స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసింది. నెల రోజులుగా బిగుసుకుపోయిన మొహం అప్పుడు విచ్చుకుంది.

"ఆఖరి మలుపుకి ముందే గేరు తగ్గించు," అన్నాడు అతను కిటికీ దగ్గర నిలబడి.

"తెలుసు."

"తెలిసినవాళ్ళకే చెప్పాలి. తెలియనివాళ్ళు ఎలాగూ వింటారు."

"ఒకవేళ గెలిస్తే?"

"గెలిస్తే నీ డ్రైవింగు, ఓడితే నా థర్మోస్టాట్. అలవాటైన లెక్కేగా."

ఆమె ఫక్కున నవ్వి గేరు వేసింది. లారీ సందు మలుపు తిరిగేదాకా అతను షెడ్డు గుమ్మంలోనే నిలబడి, ఇంజన్ చప్పుడులో ఎక్కడైనా తేడా ఉందేమోనని చెవి ఒగ్గి విన్నాడు.

ఆ బండి నాదంటే నాదని మూడేళ్ళు కోర్టులో కొట్లాడుకున్న ఆ ఇద్దరికీ జడ్జిగారు విడాకులిచ్చి, బండిని ఆమెకిచ్చింది ఆ పొద్దున్నే.