కీచుమనే వైపర్

తెచ్చిన పెట్టెలైనా విప్పకుండా డెల్ఫిన్ తమ చిన్న ఎస్‌యూవీ బానెట్ ఎత్తాడు. ఓడల్లో ఇంజిన్లు చూసుకోవడం అతని పని, నిన్ననే సెలవుకి ఇలోయిలో అనే తన ఊరికి వచ్చాడు. చేతులు ఊరుకోవడం లేదు.

"ఆయిల్ ఎవరు మార్చారు?"

"నేనే," అంది భార్య రోవెనా.

"బ్యాటరీ?"

"అదీ నేనే. నువ్వు సముద్రం మీదుంటే బండి నీకోసం ఆగుతుందా?"

చక్రాలు తన్ని చూశాడు. ఒక్క లోపమూ దొరకలేదు.

"అయితే నాతో ఇక్కడ పనేముంది? వచ్చేవారమే ఓడెక్కేస్తా."

అంతలో వాన మొదలైంది. బానెట్ మూసేసి ఇద్దరూ బండిలోకి దూరారు. డెల్ఫిన్ వైపర్ వేశాడు. అది చెవులు చిల్లులు పడేలా కీచుమంది.

"ఇన్ని చేసినదానివి, దీన్నెలా వదిలేశావే?"

రోవెనా ముందు అరలోంచి కొత్త వైపర్ రబ్బర్లు తీసి అతని ఒళ్లో పడేసింది.

"వానాకాలమంతా ఆ కీచు భరించాను. ఇంటికొచ్చాక నీకూ ఓ పనుండాలి కదయ్యా!"