రెండో స్థానంలో కెజియా

ఆ రోజుల్లో బాపట్లలో అన్నం కుక్కరు దగ్గర్నుంచి వీధి దీపం దాకా అన్నీ పాడేవి. ఇళ్లలో ఎక్కువసార్లు మోగిన పాటను క్రిస్మస్ రోజున వీధి దీపాలన్నీ పాడేవి. ఏటా ఆ భాగ్యం టీవీ పాటల పోటీలో గెలిచినవాళ్లకే దక్కేది. విసుగెత్తిన కొందరు, ఈసారి వాళ్ల పాట వద్దు, పాత కీర్తన మోగిద్దామని ప్రచారం మొదలుపెట్టారు.

చర్చిలో ఇరవై ఏళ్లుగా పాడుతున్న సలోమి అందులో అందరికంటే ముందు చేరింది. ఆ ఏడు పోటీలో గెలిచింది కెజియా. ఆమెకు పాట నేర్పింది సలోమే. "మీ శిష్యురాలు అదరగొట్టిందండీ!" అని ఎవరైనా అంటే చాలు, సలోమికి కడుపు రగిలిపోయేది.

కుక్కరుకీ, ఫ్రిజ్‌కీ, ఇల్లు తుడిచే మిషనుకీ పాత కీర్తన పెట్టి వారం రోజులు ఆపలేదు.

"చెవులు చిల్లులు పడుతున్నాయే, కాసేపు ఆపు" అని భర్త దేవదానం మొత్తుకున్నా వినలేదు. ఇంటింటికీ తిరిగి అందరిచేతా అదే పెట్టించింది.

క్రిస్మస్ పొద్దున వీధి దీపాలు పాత కీర్తన అందుకున్నాయి. కెజియా పాట రెండో స్థానంలో ఆగిపోయింది. సలోమి ఉత్సాహంగా గారెలు వేస్తుంటే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే కెజియా. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఇల్లిల్లూ తిరిగింది మీరేనటగా అక్కా? నా పాట అంత బాగోలేదా?"

బాగోలేదని చెబుదామనే సలోమి నోరు తెరిచింది. కానీ ఆ పిల్ల ముఖం చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"చాలా బాగుంది కెజియా" అంది చివరికి, తల దించుకుని. "అందుకే తిరిగాను."