సాక్షికి చాయ్

మా ఆయన భూమేశ్‌కు సున్నం కూడా సర్కారు గోడకు వేస్తేనే తెల్లగా కనిపిస్తుంది.

మా బిడ్డ ప్రవళిక ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో కాంట్రాక్టు ఫిజియోథెరపిస్టు. అది మానేసి కామారెడ్డిలో సొంత క్లినిక్ పెడతానంటోంది.

“ప్రైవేటుల రేపటికి గ్యారంటీ ఏంది? పర్మినెంట్ అయ్యేదాంక ఆగు!”

“ఎప్పుడైతది బాపూ? జీతం గూడ పెరుగుతలేదు.”

దానికి బుద్ధి చెప్పించడానికి వాళ్ల దవాఖానలో సీనియర్ ఎంకయ్య సార్‌ను ఈయన చాయ్‌కి పిలిచాడు. ఆ సలహా నాదే.

“మీరన్న చెప్పుండ్రి సార్. మీరెట్ల పర్మినెంట్ అయిండ్రు?”

ఎంకయ్య సార్ కప్పు కింద పెట్టాడు. “నేనూ కాంట్రాక్టే అన్నా. వచ్చే నెల వయసు నిండి దిగిపోతున్న. పింఛన్ గూడ రాదు.”

మా ఆయన ముంచిన బిస్కెట్ చాయ్‌లోనే విరిగిపోయింది.

కప్పు జరిపి ప్రవళిక వైపు తిరిగాడు. “నాదే తప్పు బిడ్డా. క్లినిక్‌కు జాగ చూద్దాం పా.”