జోసెఫిన్ పట్టీ

"ఆగావంటే అదీ నీ వెనకాలే ఆగిపోతుంది. లాగు!"

షెర్విన్ పళ్ళు బిగించి లాగాడు. ఇనప రోలరు కిర్రుమంటూ పిచ్ మీద మూరెడు కదిలింది. పక్కనే గొడుగు వేసుకుని నడుస్తున్న కోచ్ హన్లీ నాలుకతో 'ట్లక్ ట్లక్' మన్నాడు.

"సార్, నేను ఫాస్ట్ బౌలర్‌ని. వచ్చినప్పట్నుంచీ ఇదే పని. బంతెప్పుడిస్తారు?"

"పోయినేడు ఎంపిక పోటీల్లో ఏమైంది?"

పోయినేడు షెర్విన్ మొదటి ఓవర్లలో నిప్పులు కురిపించాడు. ఆ తర్వాత కాళ్ళు పీకి కూలబడ్డాడు. ఈసారీ నెవిస్ దీవి కుర్రాళ్ళ జట్టులోకి రాకపోతే వయసు దాటిపోతుంది. అందుకే ద్వీపానికి అవతలి వైపు నుంచి రోజూ బస్సెక్కి ఈ ఊరొస్తున్నాడు.

"నీ కాళ్ళలో సత్తువ లేదురా. జోసెఫిన్‌కి ఉండేది. ఆ పట్టీ తనదే."

భుజానికి తగిలించిన తోలు పట్టీ ముక్కిపోయిన కంబళిలా కంపు కొడుతోంది.

"జోసెఫిన్ ఎవరు సార్?"

"నీకు ముందు నా దగ్గరుండేది. ఎండనలేదు, వాననలేదు. కడుపుతో ఉండి కూడా ఆఖరి నెలదాకా లాగింది."

"కడుపుతోనా!" షెర్విన్ నోరు తెరిచాడు. "ఎప్పుడూ విసుక్కోలేదా?"

"మొండికేసేది. నీలాగా సాకులు మాత్రం చెప్పలేదు."

బౌండరీ పక్కన కొబ్బరి మిఠాయి అమ్ముకునే మిస్ ఐవీ కిసుక్కున నవ్వింది. "జోసెఫిన్‌తో పోలికేంటి హన్లీ? ఆ కళ్ళేవీ, ఆ నడకేదీ! ఈ అబ్బాయికి చెవులు కాస్త కలుస్తాయంతే."

షెర్విన్‌కి రోషం వచ్చింది. ఆనాటి నుంచి అలుపొచ్చినప్పుడల్లా, నిండు కడుపుతో తల వంచకుండా నడిచే ఒక పొడుగాటి మనిషి కళ్ళముందు మెదిలేది. ఇక ఆగేవాడు కాదు. పని ముగిశాక హన్లీ మెడ మీద తట్టి, చేతిలో చెరకు ముక్క పెట్టేవాడు. ఒక్కోసారి "శెభాష్ జోసెఫిన్!" అని నోరు జారేవాడు. షెర్విన్‌కి అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఎంపిక పోటీలో పొద్దున వేసిన వేగంతోనే సాయంత్రమూ వేశాడు. ఆఖరి బంతికి మిడిల్ స్టంపు ఎగిరి వికెట్ కీపర్ కాళ్ళ దగ్గర పడింది. జట్టులో పేరు పిలిచారు.

"ఈ దమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?" అన్నాడు ఎంపిక పెద్ద.

"హన్లీ సార్ నేర్పారు. కానీ నాకు ఆదర్శం జోసెఫిన్ గారు."

హన్లీకి పొలమారింది.

మర్నాడు షెర్విన్ కొత్త టోపీ పెట్టుకుని హన్లీ ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో పూలగుత్తి, రెండో చేతిలో చిన్న పొట్లం.

"జోసెఫిన్ గారికి దణ్ణం పెట్టి వెళ్తాను సార్. పసిబిడ్డకి మా అమ్మమ్మ మేజోళ్ళు అల్లింది."

హన్లీ పొట్లం విప్పి చూశాడు. "ఒక జత చాలదురా" అన్నాడు. తర్వాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"రా మరి. పెరట్లో ఉంది."

షెర్విన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. హన్లీ పెరటి తలుపు తోసి కేకేశాడు. "జోసెఫిన్! నీకోసం ఎవరొచ్చారో చూడు."

జోసెఫిన్ ఓండ్ర పెట్టింది.