ముప్పైయొకటో నిబంధన

ముప్పై నిబంధనలు గడగడా పాసయ్యాయి. ముప్పైయొకటో దాని దగ్గర సంపూర్ణమ్మ అడ్డం తిరిగింది.

బసవపున్నయ్య గోడ గడియారం వంక చూశాడు. పదకొండున్నర. రెండేళ్ళ గడువు ఈ పూటతో సరి. భోజనాల వేళకి పార్టీ శాశ్వత వ్యూహ విభాగం పూర్తికాకపోతే, భవానీపురంలోని ఈ ఫ్లాటు ఖాళీ చేసి మైలవరం వచ్చి మామిడితోట చూసుకుంటానని భార్యకి మాటిచ్చాడు. మాణిక్యమ్మ అలాంటి మాటలు మరిచిపోయే మనిషి కాదు.

ఆయన పాల సొసైటీకి ముప్పయ్యేళ్ళు సెక్రటరీగా చేశాడు. రాజకీయాల్లోనూ తిరిగాడు. మూడు పార్టీలకి జెండా మోశాడు. ఓడిన వారానికల్లా మూడింటి ఆఫీసుల్లోనూ ముందు కుర్చీలు మాయమయ్యాయి, తరవాత మనుషులు. ఆ జెండాలన్నీ చివరికి తోటలో కాయల గంపల మీద కప్పడానికి పనికొచ్చాయి.

పార్టీ అన్నాక గెలుస్తుంది, ఓడుతుంది. ఆలోచించే విభాగం మాత్రం పాల సొసైటీలా నిలబడాలి. దానికి బైలా ఉండాలి, మినిట్స్ పుస్తకం ఉండాలి. ఆయన పట్టు అది. ముందుజాగ్రత్తగా కుర్చీలన్నిటినీ నేలకి బోల్టులేసి బిగించాడు కూడా.

విభాగంలో నలుగురు. ఆయన, కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే హర్షవర్ధన్, రిటైరయిన హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మ, మినిట్స్ రాసే సుస్మిత. ఏ తీర్మానమైనా నలుగురూ చెయ్యెత్తితేనే పాసయినట్టు. ఆ నిబంధన పెట్టిందీ ఆయనే.

"అధ్యక్షుడు చెప్పినా సరే, విభాగాన్ని రద్దు చేయడానికి వీల్లేదు. ఇందులో మీకేం అభ్యంతరమండీ?" అన్నాడు, ఓపిక తెచ్చుకుని.

"అధ్యక్షుడి సంగతి సరేనండీ. ఆయన బావమరిది వస్తే?" అంది సంపూర్ణమ్మ.



"వస్తే ఏం చేస్తాడండీ?" అన్నాడు హర్షవర్ధన్.

"ఏం చేస్తాడా? నా కుర్చీలో కూర్చుంటాడు. మా స్కూల్లో కరస్పాండెంటు గారి బావమరిది పదకొండేళ్ళు అలాగే కూర్చున్నాడు. నేను నిలబడే రిటైరయ్యాను."

"కుర్చీలు బిగించేశాం కదండీ!" అన్నాడు బసవపున్నయ్య.

"కుర్చీల్ని బిగించారు. బావమరిదిని బిగించలేదుగా!"

హర్షవర్ధన్ లేచి బోర్డు మీద లెక్క కట్టాడు. రాబోయే ముప్పయ్యేళ్ళలో ఆరుగురు అధ్యక్షులు. ఒక్కొక్కరికీ సగటున రెండు పాయింట్ మూడు బావమరుదులు.

"పద్నాలుగు మంది తేలుతున్నారు సెక్రటరీ గారూ," అన్నాడు నీరసంగా.

బసవపున్నయ్యకి మామిడితోట కళ్ళ ముందు మెదిలింది. తోటలో కుర్చీ వేసుకుని, కోతుల్ని తోలుకుంటూ తాను. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"వాళ్ళకి వేరే గది ఇచ్చేద్దాం," అన్నాడు హఠాత్తుగా. "ఏసీ, పెద్ద టీవీ. 'ప్రత్యేక సలహాదారు' అని ఇత్తడి బోర్డు. ఆ గదికీ మన గదికీ మధ్య తలుపు మాత్రం ఉండకూడదు."

"టీ కూడా అక్కడికే పంపాలి," అంది సంపూర్ణమ్మ.

"పంపుదాం."

"జీడిపప్పు కూడా. లేకపోతే వెతుక్కుంటూ ఇటొస్తాడు."

"జీడిపప్పు కూడా పంపుదామండీ తల్లీ! రాయి సుస్మితా."

"రాశానండీ. తలుపు లేకుండా ఆయన లోపలికెలా వెళ్తారో కూడా రాయమంటారా?"

"వరండా వైపు ఉంటుందమ్మా!"

సంపూర్ణమ్మ మరో అయిదు నిమిషాలు ఆలోచించి చెయ్యెత్తింది. మిగతా మూడు చేతులూ అప్పటికే గాల్లో ఉన్నాయి.

పావు తక్కువ ఒంటిగంటకి మాణిక్యమ్మ క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఏవండీ, సామాను సర్దారా?"

"సర్దేదేం లేదు. పాసయింది."

ఆవిడ నమ్మలేదు. మినిట్స్ పుస్తకంలో నాలుగు సంతకాలూ చూశాక గానీ కూర్చోలేదు. కూర్చున్నాక కుర్చీని బల్ల దగ్గరికి లాక్కోబోయింది. "ఇదేంటండీ, జరగదేం?"

"జరగదు. ముప్పయ్యేళ్ళు జరగదు," అన్నాడు బసవపున్నయ్య గర్వంగా.

మాణిక్యమ్మకి నవ్వొచ్చింది. "సాధించారు లెండి. ఇంకేం మిగల్లేదుగా?"

"ఒక్క పనుంది." ఆయన సుస్మిత వైపు తిరిగాడు. "రేపు పేపర్లో వేయించాలమ్మా, రాసుకో: 'శాశ్వత వ్యూహ విభాగం సర్వసిద్ధంగా ఉన్నది, పార్టీ కావలెను.'"