మా పెరటి వావిలాకు

కాలేజీ పెద్దసారుకి,

నన్ను కారం మామ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. వయసు డెబ్బై దాటింది. ఇంట్లో ఉండేది నేనూ, పెరట్లో వావిలి చెట్టూ.

మీ ల్యాబు అమ్మాయి వారం వారం వచ్చి, ఆకు కోసుకుని, కాసేపు నా గుమ్మంలో కూర్చుని వెళ్లేది. ఒకరోజు ఫోనులో బొమ్మ చూపించింది. గాజు పళ్లెం నిండా క్రిములు పెంచి, నడుమ మా ఆకురసం చుక్క వేశారట. ఆ చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ.

“చూడు మామ్మా, నీ ఆకు దగ్గర ఒక్క క్రిమి కూడా బతకలేదు!”

“నా చుట్టూ కూడా అంతేలేవే. పురుగు కూడా చేరదు.”

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ల్యాబు వెనక నాటుకుంటామని కొమ్మ అడిగితే, పోనీలే పాపమని విరిచి ఇచ్చాను. అది అక్కడ చిగురేసింది. పిల్ల ఇటు రావడం మానేసింది. కొమ్మ ఇచ్చాను గానీ కాపురం మార్చమన్నానా?

ఇదీ నా ఫిర్యాదు. మీ దొడ్లో ఆకుకు మా ఆకు పదును రాదు. మా చెట్టు ఆకుతోనే పరీక్ష మళ్లీ పెట్టించండి. ఆకు నేను పంపను. మనిషి వచ్చి కోసుకోవాలి.

ఇట్లు, కారం మామ్మ వేలిముద్ర.

సాక్షి: ఇది రాసిపెట్టిన ఎదురింటి టైలరు.

రెండో సాక్షి: మీ ల్యాబు అమ్మాయి. సంతకానికి మా ఇంటికే రావాలి.