ఎంగిలి ఊపిరి

“సచ్చేటోన్ని నోటితో ఊది లేపినోన్ని ఎవరన్నా చూసినారా? చూడకుంటే ఇట్ల తిరిగి నన్ను చూడండి,” అన్నాడు చిన్నపుల్లయ్య మీసం దువ్వుకుంటూ.

పరాయి దేశంలో, మంగఫ్ కూలీల క్యాంపు భోజనాల గదిలో చాప చుట్టూ కూర్చున్న మగాళ్లంతా అటు తిరిగారు. నర్సు ఎలీసమ్మకు కాస్త ధైర్యం వచ్చింది. గంట నుంచి ఆమె చాపమీది రబ్బరు బొమ్మ పక్కన మోకాళ్లమీద కూర్చుని బతిమాలుతోంది. తల వెనక్కి వంచాలి, గడ్డం పైకెత్తాలి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదాలి. చెప్పినంతసేపూ బుద్ధిగా తలలూపినవాళ్లు, “రండి, ఊదండి” అనేసరికి తలుపు వంక చూడసాగారు.

రేపటి నుంచి వీళ్లకు సబ్హాన్ గోదాముల్లో డ్యూటీ, ఇద్దరిద్దరే. ఒకడు పడిపోతే ఆంబులెన్సు వచ్చేదాకా రెండోవాడే దిక్కు. కంపెనీ ఆమెకిచ్చింది ఈ ఒక్క శుక్రవారమే.

“స్పిరిట్టుతో తుడిచానండీ బాబూ, ఎంగిలేం ఉండదు,” అంది మళ్లీ.

“తుడిస్తే ఎంగిలి పోతాదా సిస్టర్? ఎన్ని క్యాంపులోళ్లు ఊదిన నోరో అది,” అన్నాడు జిలానీ బాషా. రేపు చిన్నపుల్లయ్యకు జోడీ అతనే. “నా గ్లాసుతో మా ఇంట్లో నా పెండ్లామే తాగదు.”

ఎలీసమ్మ చిన్నపుల్లయ్య వైపు తిరిగింది. “మీరు చెప్పండి పెద్దాయనా. ఎవర్ని లేపారు?”

“ఇగో, ఈ మునీంద్రనే.”

మూల కూర్చున్న మునీంద్ర ఉలిక్కిపడ్డాడు. ఏదో అనబోయి, చిన్నపుల్లయ్య కనుసైగ చూసి, నేలచూపులు చూశాడు.

“పోయిన ఎండాకాలం. గోదాములో మేమిద్దరమే. నీళ్ల కూలరుకు కరెంటు పారతాండాదని ఎవురికి తెలుసు? చెయ్యి పెట్టినాడు. ఎగిరి, పైన రేకుకు తగిలి, కిందికొచ్చినాడు.”

“ముందు మెయిను ఆపారా?”

“ఆపకుండా పట్టుకోనింటే ఇద్దరికీ ఒకే గుంత తవ్వేటోళ్లు గదమ్మా. ఆపినాక పిలిస్తే పలకడు. నాడి సన్నంగా ఆడతాంది, ఛాతీ మాత్రం లేయదు. ఎంగిలనుకుంటే అయితాదా? తల వంచి, ముక్కు పట్టి, ఊదుడే ఊదుడు. చెవుల్లోనించి గాలి బుస్సుమనె.”

“చెవుల్లోంచి రాదండీ.”

“సబ్హాన్ గాలి తల్లీ, యాడికన్నా దూరతాది.”

గదంతా నవ్వింది. చిన్నపుల్లయ్యకు ఊపొచ్చింది.

“ఇంకోటి. పొద్దున్నే ఉల్లిగడ్డ కారం తిన్న నోరది. కండ్లు తెరవకముందే ఆ వాసన తగిల్యా. నరకంలోనూ మనోళ్ల మెస్సే ఉందిరా దేవుడా, అనుకున్యాడు.”

“వాడనుకున్యది నీకెట్ల తెలుసు మామా?” అన్నాడు బాషా.

“ఆ మొగం చూస్తే తెలీదా?”

“ఏం మునీంద్రా, నిజమేనా?”

“నిజమేన్నా. ఉల్లిగడ్డ కూడా నిజమే,” అన్నాడు మునీంద్ర తల ఎత్తకుండా.

బాషాకు రోషం పొడుచుకొచ్చింది. “యల్లా, జరగండి. ముసలాయన ఊదినాక నాకేం రోగం?” అంటూ బొమ్మ ముందు మోకరిల్లాడు. ఎలీసమ్మ చెప్పినట్టే తల వంచాడు, గడ్డం ఎత్తాడు, ముక్కు మూశాడు, కళ్లు కూడా మూసుకుని ఊదాడు. బొమ్మ ఛాతీ మెల్లగా పైకి లేచింది. ఆ వెనకే ఇంకొకడు కూర్చున్నాడు, వాడి వెనక మరొకడు. ఎలీసమ్మ స్పిరిట్టు దూదితో బొమ్మ మూతి తుడవలేక అలిసిపోయింది.

“రేపటికి నాకు దిగుల్లేదు సిస్టర్,” అన్నాడు బాషా మూతి తుడుచుకుంటూ. “నేను పడితే లేపే మామ పక్కనే ఉండాడు.”

చిన్నపుల్లయ్య మీసం దువ్వే చెయ్యి ఆగింది. లేచి వచ్చి, లుంగీ ఎగ్గట్టి, బొమ్మ ముందు కూర్చుని బలంగా ఊదాడు. ఆయన బుగ్గలు పొంగాయి గానీ బొమ్మ కదల్లేదు. మళ్లీ ఊదాడు. గాలంతా పక్కనుంచి పోయి బాషా మొహానికి తగిలింది.

“ఇదేంది మామా?”

“తల వంచలేదు, ముక్కూ మూయలేదు,” అంది ఎలీసమ్మ. “ఆ రోజెలా చేశారండీ?”

“అందుకే సరింగా నేర్పించమంటాండా తల్లీ. రేపు ఈ పిల్లోడు నన్ను నమ్ముకోని వస్తాండాడు. నా కథలో ఒక్క ముక్క మాత్రం కల్పించి చెప్పినాను.”

“చెవుల్లోంచి గాలేగా?”

“అది నిజమే,” అని చెవి రుద్దుకుంటూ నవ్వాడు చిన్నపుల్లయ్య. “ఆ పొద్దు కింద పడింది నేను.”